ఆరు కాపీలు

గిరింపేటలో నా జిరాక్స్ కొట్టు మీద
ఒక రేకుల గది.
నెలలో రెండో ఆదివారం మూడు గంటలకు
ఆరుగురం చేరతాం, తలా ఒక పుస్తకంతో.
ఎండకు రేకులు టిక్కు టిక్కుమంటాయి,
ఎవరో గొంతు సవరించుకుంటున్నట్టు.

ఈసారి నవల యాడా దొరకదు.
మూతబడిన అద్దె పుస్తకాల కొట్టు నుంచి
తూకానికి కొన్న మూటలో బయటపడింది.
రచన: కుముదవల్లి.
వారపత్రిక వచ్చే పొద్దు
మా అమ్మ పాలచెంబు పొయ్యి మీద మరిచి
ఈ పేరు కోసమే వీధిలోకి పోయేదంట.
"అక్కా" అని జాబు కూడా రాసిందంట ఒకసారి.

అచ్చులో లేదు గనక నేనే ఆరు కాపీలు తీసినాను.
నూటపన్నెండో పేజీలో ఎవరిదో నూనె చెయ్యి.
ఆరు కాపీల్లోనూ అదే బొటనవేలు,
హీరో కారు దిగి "క్షమించు" అనే చోట.
అంచున పెన్సిలుతో ఒకరు:
"నమ్మొద్దు మే వీణ్ణి."
దాని కింద ఇంకో చేతిరాత:
"నమ్మింది. 140 చూడు."

రెడ్డెమ్మది గుజ్జు ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ,
మామిడి వాసనతోనే వస్తుంది, కొట్లాటకు.
"నల్లద్దాలు, పడవంత కారు.
యీడు మన చిత్తూర్లో యాడ తిరిగినాడు మే?"
"తిరగలేదు గనకే గదా
అద్దె కట్టి చదివినారు" అని షంషాద్.
దొరసామి సారు లెక్కల అయ్యవారు,
చివరి పేజీ ముందే చూసుకొని వస్తాడు.
ఆ సారే ఒకనాడు చల్లగా చెప్పినాడు:
"కుముదవల్లి ఆడమనిషి కాదు.
బెల్లం మండీలో తూకం గుమాస్తా.
పేరు చెంగల్రాయులు. ఇంకా ఉండాడు."

గదిలో ఫ్యాను ఒక్కటే తిరిగింది.
రెడ్డెమ్మ బాల్‌పెన్ను తీసి
అట్ట మీద పేరు అడ్డంగా కొట్టేసింది.
ఒకరి తర్వాత ఒకరం, నేనూ.
మా అమ్మ రాసిన "అక్కా" గుర్తొచ్చి
ఇంకొంచెం గట్టిగానే గీసినాను.

మళ్ళీ రెండో ఆదివారం ఆయన్నే పిలిచినాం.
మెట్లు నిలిచి నిలిచి ఎక్కినాడు,
కాగితంలో చుట్టిన బెల్లం దిమ్మెతో.
"ఆడపేరుకు గిరాకీ అనే గదా పెట్టుకున్నావు?"
రెడ్డెమ్మకు నీళ్ళిచ్చే ఓపిక కూడా లేదు.

"గిరాకీ ఉండె. కాదనను.
కుముదవల్లి నా ఇంటామె.
బడి ముఖం చూళ్ళేదు.
రాత్రిపూట నేను పద్దు రాస్తాంటే
బియ్యంలో రాళ్ళేరతా కథ చెప్పేది.
మండీలో బెల్లం నాదా? కాదు.
తూకం రాసేది మాత్రం నేను.
ఇంట్లోనూ అంతే."

దొరసామి సారు కళ్ళజోడు తీసినాడు.
షంషాద్ నూటపన్నెండు తెరిచి ముందు పెట్టింది.
ఆయన ఆ నూనె మరక తడిమినాడు,
జిరాక్స్ మరకకు జిడ్డుండదు గదా, అయినా.

"ఈ ఒక్క మాటే నాది.
ఆ వారం ఆమె అలిగి కథ చెప్పలేదు.
తప్పు నాదేలే.
పత్రికోళ్ళు టెలిగ్రాం మీద టెలిగ్రాం.
నేనే రాసి పంపించినా.
అచ్చయినాక ఆమెకు చదివి వినిపించినా."

"ఏమనింది?"

"ఏమీ అన్లేదు. చేట తీసుకొని లేచిపాయ.
మరుసటి వారానికి కథ చెప్పింది."

నూటనలభై ఎవ్వరూ తిప్పలేదు.
బెల్లం పగలగొట్టి తిన్నాం.
అందులో ఒక చెరుకు నార పంటికి తగిలింది.

బాల్‌పెన్ను గీత చెరగదు.
అందరూ పోయినాక షట్టరు సగం దించి
అసలు పుస్తకం అద్దం మీద బోర్లించినాను.
పచ్చ వెలుగు ఆ పేరు మీదుగా
ఆరుసార్లు పోయొచ్చింది.
ఆరు అట్టలు, వేడి వేడిగా.
ఆ పొద్దు లెక్కలో అవి రాయలేదు.