మూడో పలక

పొద్దున్నే పడవ విప్పేశాం.
రెండేళ్ళుగా ఒడ్డున బోర్లా పడి
కోళ్ళకు కొంపయిన పడవ.
"నీళ్ళకి పనికిరాదు గానీ
కాళ్ళకి పనికొస్తుంది" అన్నాడు అన్న తిబూర్సియో,
నోటినిండా మేకులు పెట్టుకునే.

పపలోపాన్ నది మీద ఎండ ఇంకా చిక్కబడలేదు.
వదిన అంపారో అరిటాకుల్లో మొక్కజొన్న ముద్దలు చుడుతోంది.
నేను చేపలు తోముతున్నాను.
పిల్లలు గాడిద దవడ కోసం జుట్లు పట్టుకున్నారు.
నిజం దవడే. పళ్ళతో సహా.
కర్రతో గీస్తే గరగరమని పళ్ళన్నీ ఊగుతాయి.
ఆ గాడిద పేరు బిషప్పు.
బతికినన్నాళ్ళూ ఎవరి మాటా వినలేదు,
చచ్చాక ఒక్కనాడూ తాళం తప్పలేదు.

మధ్యాహ్నానికి బల్ల తయారు.
మంచమంత పొడవు, జానెడు ఎత్తు, కిందంతా బోలు.
అడుగేస్తే పలకాలి.
మా ఊళ్ళో డోలు లేదు,
ఉన్నదాని మీదికి మేమే ఎక్కుతాం.

ఆ గట్టు వాళ్ళు నాలుగు పడవల్లో వచ్చారు.
వేరుశనగ కలిపిన చెరకు సారా, ఒక పంది కాలు,
మూడు చిన్న గిటార్లు, ఎవరి బిడ్డో తెలియని బిడ్డ.
నాలుగో పడవలో డొమితీల.
ఒకే బెంచీ మీద చదువుకున్నవాళ్ళం.
కుట్టుమిషను అరువు దగ్గర చెడి
పదకొండు నెలలుగా మాటల్లేవు.
నేను చేప వైపు చూశాను.
తను నది వైపు చూసింది.

దీపాలు పెట్టాక వాయిద్యాలు గుండ్రంగా చేరాయి.
ముందు ఎవరూ ఎక్కరు, మా వాళ్ళకి అదో బిడియం.
చివరికి నికనోర అత్త, అరిగిన మోకాలితో,
కొంగలా ఒక కాలు ఎత్తి బల్ల మీద పెట్టింది.
ఇక ఆగలేదు.
మడమలు, దవడ, తీగలు, దోమలు.

యులాలియో మావయ్యకి చెవులు పోయి ఆరేళ్ళు.
చెప్పులు విడిచి, పాదాలు బల్ల అంచుకి ఆనించి
నాడి పట్టే వైద్యుడిలా కూర్చుంటాడు.
అందరం ఊగిపోతుంటే చెయ్యెత్తాడు.
"మూడో పలక అబద్ధమాడుతోంది."
పాట ఆగింది.
మొహం మాడ్చుకుని అన్న బల్ల కింద దూరాడు.
మేకు లేదు.
ఎక్కడుందంటే, అతని చొక్కా జేబులో.
దాన్ని కొట్టేదాకా ఊరంతా లెక్కపెట్టింది,
ఒక్కో దెబ్బకీ ఒక్కో వెక్కిరింపు.

మళ్ళీ మొదలెట్టిన రెండో చరణంలో
డొమితీల గిటారు తీగ తెగింది.
నా ఏప్రాను జేబులో గేలపు దారం ఉంది.
ఇవ్వాలా మానాలా అని
మనసు ఆలోచిస్తుండగానే
చెయ్యి ఇచ్చేసింది.
తను ముడి వేసింది, పంటితో కొరికింది, బిగించింది.
థాంక్స్ అనలేదు. బల్ల ముందుకొచ్చి పాడింది:

*మిషను ఇంటికి పంపేశాను,*
*సూది మాత్రం దాచుకున్నాను,*
*గుచ్చేవాళ్ళు లేకపోతే*
*ఈ ఊళ్ళో నాకేం తోచును!*

ఊరంతా నా వైపు తిరిగింది.
మా దగ్గర పాటకి పాటే జవాబు.
మౌనంగా ఉంటే ఓడినట్టే.
నేను ఎప్పుడూ పాడనిదాన్ని,
చేపలు తోముతాను, గిన్నెలు కడుగుతాను,
దీపంలో నూనె చూసుకుంటాను.
గొంతు కప్పలా వచ్చింది, రానిచ్చాను:

*సూది నీదే, ఉంచుకోవే,*
*పదును చూసి మురిసిపోవే,*
*మోగుతున్నది నా దారమే*
*ఆ సంగతి మరిచిపోవే!*

నికనోర అత్త కేక పెట్టింది.
డొమితీల నా మణికట్టు పట్టి బల్ల మీదికి లాగింది.
నా చేతులకి చేప వాసన.
తను ముక్కు చిట్లించింది గానీ వదల్లేదు.
రెండు జతల మడమలు, మూడో పలక
ఈసారి నిజమే చెప్పింది.

తెల్లవారుజామున పడవలు వెళ్ళిపోయాయి.
డొమితీల వెళ్ళలేదు.
మా వంటింట్లో, పిండి బస్తాకి ఆనుకుని
నోరు తెరిచి నిద్రపోతోంది.
మావయ్య బల్ల మీద పాదాలు తియ్యకుండానే
కుర్చీలో కునికాడు.

అప్పుడొచ్చాయి కోళ్ళు, తమ కొంప వెతుక్కుంటూ.
ఒడ్డంతా తిరిగి, చివరికి వాసన పట్టి
ఒకటి బల్లెక్కి గోళ్ళతో గీకింది.
మావయ్య కళ్ళు తెరవలేదు.
"ఎవర్రా అది," అన్నాడు,
"తాళం తెలీనివాళ్ళని
ఎక్కించకండని చెప్పానా."