తొమ్మిదినూర్లప్ప, ఆరో సంచిక

కళ్యాణదుర్గంలో తాసిల్దారాఫీసు ఎదురుగా
మా జిరాక్సంగడి.
పగలంతా అడంగళ్లు, ఆధార్లు, పాసుపుస్తకాలు.
షట్టరు సగం దించినాక
చెడిపోయిన కాపీల వెనకపక్క
నేను రాక్షసుణ్ణి గీస్తాను.

కాగితం పల్చన.
వాడి రొమ్ములోంచి ఎవరిదో సర్వే నంబరు
తిరగబడి కనబడుతుంటుంది.
చెరపను.
ఎముకలనుకుంటారు చదివేవాళ్లు.

నలుపు కావాలంటే టోనరు పొడిలో వేలు ముంచుతాను.
అన్నం తినేటప్పుడు కూడా గోళ్ల కింద వాడే ఉంటాడు.

పేరు తొమ్మిదినూర్లప్ప.
తొమ్మిదినూర్ల అడుగులు దించినా తడి తగల్లేదు,
రిగ్గు పళ్లకు వాడి ఇంటికప్పు తగిలింది.
ఒకటో సంచిక అట్లా మొదలవుతుంది:
పేజీ నిండా చీకటి,
పైన బియ్యపుగింజంత ఆకాశం,
నిద్ర చెడినోని గొంతు.
"ఎవుర్రా అది?"

ఆరున్నర అంగుళాల కేసింగు పైపులో
భుజాలు మడుచుకుని,
పక్కటెముకలు ఒకదాంట్లో ఒకటి దూర్చుకుని
పైకొస్తాడు. రావడానికి మూడు పేజీలు పడుతుంది.
హాస్టలు పిల్లకాయలకు ఆ మూడు పేజీలంటేనే ప్రాణం.
పది రూపాయలిచ్చి కొంటారు,
వెలుతురుండగానే చదివేస్తారు,
రాత్రికి పుస్తకం మా అంగట్లోనే దాచిపెట్టమంటారు.

పైకొచ్చి మొదట గాలిమరల్ని చూస్తాడు.
కొండ పొడుగునా మూడేసి కొమ్ములు, ఒక్కో ఎర్రకన్ను.
చేతులు జోడించి అడుగుతాడు:
"మీరంతా యా బోరునుంచి వచ్చినారన్నా?"

మనిషిని ముట్టడు.
ప్రామిసరీ నోట్లు తింటాడు.
వడ్డీ యాపారి బీరువాలో దూరి
రెవెన్యూ స్టాంపు మాత్రం ఉమ్మేసి
మిగతాది సంగటిముద్ద మాదిరి మింగుతాడు.
మింగిన ప్రతి వేలిముద్రా
తెల్లారేసరికి ఒంటి మీద పొలుసై మొలుస్తుంది.
రెండో సంచికలో మోచేతి దాకా.
నాలుగులో మెడ దాకా.
ఐదు చివర కనురెప్పలకు కూడా.
ఇక మూసినా తెరిచినా
ఊరివాళ్ల బొటనవేళ్లే వాడికి.

హీరోగా రాక్షసుడెందుకన్నా అని
ఏడోతరగతి తిప్పేసు అడిగినాడు.
మనిషిని పెడితే ఎవరూ నమ్మరప్పా, అన్నాను.

ఆరో సంచికలో చంపేద్దామనుకున్నాను.
పొలుసులు ఎక్కువై, పైపులో పట్టక,
బయటే తెల్లారిపోతుంది వాడికి.
ఆ పేజీ కౌంటరు మీద ఆరుతుండగా
ముదిగల్లు హంపమ్మ వచ్చింది.
మొగుని మరణ ధ్రువపత్రం, పది కాపీలు.

మిషను పచ్చగా వెలిగి ఆరుతుంటే
వంగి బొమ్మను చూసింది
చానాసేపు,
సంతలో ఎద్దు పళ్లు చూసినట్టు.

"ఎడమ కొమ్ము ఇరిగింది గదప్పా వానికి.
మోటరు ఎత్తేనాడు గొలుసు తగిలి.
నువ్వు రెండూ నిగనిగా గీసినావు."

మిషను ఏడో కాపీ దగ్గర ఆగింది.
ఆగిందో, నాకే వినపడలేదో.

"పగులు రాయి మూసి పెడ్తా, పిల్లోళ్లు తిరుగుతారని.
పొద్దు గూకినాక తీస్తా.
పాపం, వానికీ ఊపిరాడొద్దూ."

ఇరవై రూపాయలు చిల్లర లెక్కబెట్టి ఇచ్చింది.
అప్పుడు చూశాను ఆమె బొటనవేలు.
ఒక్క గీత లేదు.
ఉల్లిపాయ లోపొర మాదిరి నున్నగా ఉంది.

ఆ రాత్రి షట్టరు పూర్తిగా దించి
ఎడమ కొమ్మును వైట్‌నరుతో సగానికి కొట్టేశాను.
చావు పేజీ చించలేదు గానీ
కాగితాల అడుక్కు తోసేశాను.
కొత్తదాంట్లో పైపు మూతి ఒకటే గీశాను,
పక్కన రాయి,
రాయి మీద గాజుల్లేని చెయ్యి.

మాటల బుడగ ఇంకా ఖాళీగానే ఉంది.
ఆదివారం పొద్దుగూకినాక ముదిగల్లు పోయి
చెవి పెట్టి
రాసుకు రావాల.