పడదు, చేసింది

కుడి మణికట్టు నొప్పి.
ఒరగడంలో, రెండో షిఫ్టులో,
కారు సీట్ల కవర్లు కుట్టే చెయ్యి ఇది.

శ్రీపెరుంబుదూరులో కొరియా డాక్టరమ్మ యూన్
మణికట్టు వైపు చూడనే లేదు.
చిన్నప్పుడు చెమట బాగా పట్టేదా?
కోపమొస్తే అరుస్తావా, మింగుతావా?
కీరదోసకాయ తింటే కడుపు నొస్తుందా?
నర్సు తమిళంలోకి మార్చేలోపే
నా భుజాలూ నడుమూ కళ్లతో కొలిచి
దర్జీలా తేల్చేసింది:
మనుషులు నాలుగు రకాలు, నువ్వు నాలుగో రకం.
పుట్టుకతోనే నీ కడుపు బలం తక్కువ.
తర్వాత నా అరచేతిలోనే ఒళ్లంతా ఉందని
నడివేలి కొసన తలకాయ చూపించి
ఆవగింజంత సూదులు గుచ్చింది.

ఆదివారం బస్సెక్కి బ్రాడ్‌వే.
పళ్ల డాక్టర్ల కుటుంబంలో పుట్టి
పళ్లు తప్ప అన్నీ చూసే చైనా తాత లియావ్
"నాక్కు నీట్టుమా" అన్నాడు, అచ్చం మద్రాసు యాసలో.
నాలుక అంచున పళ్ల గాట్లు చూశాడు.
నాడి మీద మూడు వేళ్లు పెట్టి
అవతల ఎవరో ఫోన్లో మాట్లాడుతున్నట్టు
చాలాసేపు విన్నాడు.
తేమ చేరిందమ్మా, చలిగాలి దూరింది.
మీ ఫ్యాక్టరీలో ఏసీ ఎటునుంచి కొడుతుంది?

కుడినుంచే.

నేను నాలుగో రకమట తాతా, అన్నాను.
కూవం నదిది ఏ రకం? అన్నాడు.
వానాకాలంలో చెప్పాలా, ఎండాకాలంలోనా?
ఆ మాట మోసుకెళ్లి డాక్టరమ్మకు చెబితే
కిటికీలోంచి కొబ్బరిచెట్టు చూపించింది:
ఎండైనా వానైనా అది మామిడి కాయదు కదా.

ఇద్దరూ ఇచ్చింది అల్లమే.
ఆమె: బతికినన్నాళ్లూ తాగు, నీ ఒంటికి పడుతుంది.
ఆయన: పదిరోజులు తాగి రా, నాలుక చూపించు,
అప్పటి నువ్వు వేరు.

తిరుగు బస్సులో నవ్వొచ్చింది.
సూళ్లూరుపేటలో మా చిన్నత్త
వంకాయ చూసి "నాకు పడదు" అంటే కొరియా,
"వేడి చేసిందే" అంటూ సబ్జా నానబెడితే చైనా.
పడదు అనేది నేనెవరో చెబుతుంది.
చేసింది అనేది నాకేమైందో చెబుతుంది.
వేడి చేసింది, జలుబు చేసింది, ఎన్నిసార్లు అన్నామో!
చేసిందెవరో మాత్రం
ఆ వాక్యంలో ఎప్పుడూ ఉండరు.

సోమవారం.
నాలుగో రకం మనిషిని, తేమ చేరినదాన్ని,
పెడల్ మీద కాలు పెట్టాను.
బోర్డు మీద గంటకు నలభై రెండు ఉండేది.
తుడిచి, నలభై అయిదు రాసి ఉంది.
ఫ్లాస్కులో అల్లం ఇంకా వేడిగానే ఉంది.