నేరుగా అయితే

హైతమ్ పిల్లోడికి పన్నెండేళ్ళు.
వాళ్ళమ్మ ఫోను మీద రెండు ఊళ్ళ పేర్లు కొట్టి
నీలం గీత ఒకటి లాగాడు.
కింద సలాలా, పైన ఖసబ్.
ఒకే దేశానికి ఆ కొసా ఈ కొసా.
వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు, గంటన్నర లోపే, అన్నాడు
నాకొచ్చిన అరబ్బీలో, అంటే బాగా నెమ్మదిగా.
"నేరుగా అయితే."

గంటన్నరంటే నాకు తెలుసు.
పెద్దాయన దిష్‌దాషాలు తొమ్మిది ఇస్త్రీ చెయ్యొచ్చు,
పదోది మెడ దగ్గర మిగిలిపోతుంది.
లేదా గిన్నెడన్నం వార్చి, చేప వేయించి,
ఆ జిడ్డు మూకుడు తోమి బోర్లించేలోపు
నువ్వు ఐసుగడ్డల చేతులు దులుపుకుని
ఈ గేటు ముందు నిలబడి ఉండాలి, ఏసుపాదం.

కానీ నేరుగా విమానం లేదంట.
గీత ఉంది గానీ దాని మీద ఎగిరేది లేదు.
మస్కట్‌లో దిగి, కూచుని, మళ్ళీ ఎక్కాలి.

సఖినేటిపల్లి రేవులో వరదకి పంటు కట్టేసినప్పుడు
అవతల నరసాపురం గట్టున ఆరేసిన చీర రంగు కూడా తెలిసేది.
అయినా చించినాడ వంతెన చుట్టూ తిరిగే పోయేవాళ్ళం.
కంటికి దగ్గర, కాలికి దూరం అనేది మా అత్త.
ఇక్కడ కంటికీ లేదు.

నీ దగ్గర ఒక్క పచ్చాకు లేదంటావు,
మాడిన కొండలు, వాటి సందుల్లో సముద్రం.
నాకేమో జూలై వస్తే రోజంతా తుంపర.
దాన్ని ఖరీఫ్ అంటారు వీళ్ళు; మనకది నాట్ల పేరు.
రోడ్డు పక్కన అరటిగెలలు వేలాడదీసి
బొండాలు చెక్కే బంగ్లా కుర్రాడు.
ఒకోసారి గోదారి దాటలేదేమో అనిపిస్తుంది.
ఆ మాటంటే కుళ్ళుకున్నావు,
"ఆ బొండాం నీళ్ళు ఫోన్లో పొయ్యి" అన్నావు.

పోయినేడు వచ్చావు కదా.
నాలుగేళ్ళకి నీకు రెండు రోజుల సెలవు,
మేడమ్ నాకిచ్చింది ఒక్క పూట.
తలంటుకుని, డాబా మీద గుడ్డలు తీస్తున్నట్టు నిలబడ్డాను.
మంచు. ఎదురింటి నీళ్ళ ట్యాంకు కూడా లేదు.
పైన చప్పుడు వచ్చింది. పోయింది. మళ్ళీ వచ్చింది.
గదిలో చిక్కిన తుమ్మెదలా
ఇరవై నిమిషాలు అలా తిరుగుతూనే ఉంది.
అందులో ఉన్నది నువ్వని నాకెవరూ చెప్పలేదు.
తర్వాత లెక్క కట్టుకున్నాను.

ఆ ఇరవై నిమిషాలూ మన మధ్య ఎంతని?
రెండు కిలోమీటర్లు? మూడా?
పంటు దిగి మీ పేటకి నడిచేంత.
ఈ దేశమొచ్చాక అంత దగ్గర ఎప్పుడూ లేం.
నేరుగానే ఉన్నాం,
కాకపోతే నిలువునా.

రాత్రికి మస్కట్ నుంచి ఫోను చేశావు.
దిగనివ్వలేదంట, వెనక్కి తిప్పేశారంట.
కిటికీలోంచి ఏం కనపడిందని అడిగాను.
"తెల్లగా, దీవెనా. పత్తి పరిచినట్టు... కాదు,
నువ్వు పొయ్యి మీద మర్చిపోతావే, ఆ పాలలాగ."
అంతదూరం వచ్చి నా తప్పే ఎంచావు.
టికెట్టు డబ్బులిస్తారా అంటే
మంచుకి ఎవరూ పూచీ కాదన్నారంట.

హైతమ్ ఫోను లాక్కుని ఆట పెట్టుకున్నాడు.
గీత పోయింది.
పదో దిష్‌దాషా మెడ ముడతగానే ఉంది.
నీళ్ళు చిలకరించి పెట్టె ఆనించాను,
బుస్సుమని ఆవిరి లేచింది.
పైన ఏదో చప్పుడైతే చెయ్యి ఆపి విన్నాను.
ఏసీది.