సవరణ

నిన్నటి పెద్ద పత్రికలో, ఎనిమిదో పేజీలో,
టైర్ల ప్రకటన కింద మూడు వాక్యాలు:
'దివిటీ' వారపత్రిక మూతపడింది.
కాచిగూడలో యాభై ఎనిమిదేళ్లు నడిచింది.
సంపాదకులు ముగ్గురు.

ముగ్గురు కాదు.
ముప్పై నాలుగేళ్లు ప్రూఫులు దిద్దినవాణ్ణి,
తప్పు కనబడితే వేలు ఊరుకోదు.

మొదటాయన వెల్దండ యాదగిరిరావు.
భార్య కడియాలు సుల్తాన్‌బజారులో కుదువబెట్టి
తొక్కుడు మిషను కొన్నాడు.
బండి ఱ లేని తెలుగు ఒంటికాలి తెలుగనేవాడు.
ఎవరూ రాయని ఆ అక్షరానికి
టైపు కేసులో ఒక గడి అట్టేపెట్టాడు.
జీతం అడిగితే, "నా సంపాదకీయం చదివినవా?"
చదివిన సార్. బియ్యం రాలేదు.

తర్వాత ఇమాముద్దీన్ సాబ్.
లెక్కలు ఉర్దూలో, వార్తలు తెలుగులో.
పెద్ద సంస్కృతం మాట కనబడితే ఎర్రసిరాతో కొట్టేసి
"ఇది మా అమ్మకు సమజ్ గాదు" అనేవాడు.
ఆమెకు చదువు రాదు.
ప్రతి శుక్రవారం నమాజు తర్వాత
సంచిక మొత్తం ఆమెకు చదివి వినిపించేవాడు,
పెళ్లిళ్ల ప్రకటనలతో సహా.

నా పెద్ద తప్పు ఆయన కాలంలోనే.
ఒక పంతులుగారి కృతి ఆవిష్కరణ వార్తలో
కృ జారి మృ పడింది.
తెల్లారగానే పంతులుగారు రిక్షా దిగారు,
చేతిలో గొడుగు, ఊపిరి కొంచెం ఎక్కువగానే ఆడుతూ.
సాబ్ ఆయనకు చాయ్ తెప్పించి
"సవరణ రాయి" అన్నాడు నాతో.
వణికే చేత్తో రాశాను:
పంతులుగారు బతికే ఉన్నారు. చింతిస్తున్నాం.
ముందు నవ్వింది పంతులుగారే.

చివరివాడు యాదగిరిరావు మనవడు శ్రీకర్.
కంప్యూటర్లు తెచ్చాడు, రంగులు తెచ్చాడు, అప్పులు తెచ్చాడు.
అతన్ని నేనేమీ అనను.
మూతపడిన రోజు షట్టర్ దించలేక
నన్ను ఒక చెయ్యి వేయమన్నాడు.

వీళ్లు ముగ్గురు. సరే.

ఎమర్జెన్సీలో ఒక రాత్రి
సాబ్‌ను చంచల్‌గూడకు తీసుకుపోయారు.
మర్నాడు పత్రిక తెచ్చింది
రేపర్ల మీద చిరునామాలు రాసే పాల్వంచ అనసూయ.
పందొమ్మిది నెలలు.
సాబ్ కుర్చీలో ఒక్కనాడూ కూర్చోలేదు,
స్టూలు జరుపుకుని ఆ బల్ల దగ్గరే.

కోటా కాగితం నార్వే నుంచి వచ్చేది అప్పుడు.
రీలు విప్పి వాసన చూసేది.
"ఏ చలిదేశం చెట్లో, మన గల్లీ సంగతులు మోస్తున్నయి.
అక్కడ కూడ చిన్న ఊర్ల పత్రికలుంటయా?
నా లెక్కనే ఎవరన్న కండ్లు గుంజంగ
అర్ధరాత్రి దిద్దుతుంటదా?"
నాకేం తెలుసు, నేను కామాలు చూసుకుంటున్నాను.

ఒకసారి సంపాదకీయమంతా కొట్టేసి పంపాడు సెన్సారు ఆఫీసరు.
నాలుగు కాలమ్‌లు తెల్లగా వదిలి
మధ్యలో ఒక్క లైను పెట్టించింది:
నల్లాల నీళ్లు వస్తలేవు.
బర్కత్‌పురా నుంచి బేగంబజారు దాకా
అందరికీ అర్థమైంది.
మునిసిపాలిటీ ఫిట్టరుకు తప్ప.
పానా పట్టుకొచ్చి మా నల్లా తిప్పి చూసి
"వస్తున్నయి గదమ్మా" అన్నాడు.
"ఇంకొంచెంసేపు చూడు" అంది.

సాబ్ తిరిగొచ్చాడు, సగం మనిషై.
ఆమె పేరు వేద్దామన్నాడు.
"ఎందుకు సాబ్, ఇంకో ప్రూఫు పెరుగుతది" అని
రేపర్ల దగ్గరికి పోయి కూర్చుంది.
ఇంకో పన్నెండేళ్లు చిరునామాలు రాసింది.

మొన్న గురువారం జుమ్మెరాత్ బజారులో
మా అక్షరాలను సీసం ధరకు తూకం వేశారు.
అచ్చులు, హల్లులు అరిగి నున్నగా అయ్యాయి.
బండి ఱలు మాత్రం కొత్తవాటిలా మెరిశాయి.

ఆ పెద్ద పత్రిక సంపాదకులు గారికి,
వేస్తారో వేయరో, సవరణ పంపుతున్నాను:
'దివిటీ' సంపాదకులు నలుగురు.
రాసిపెట్టుకోండి, పాల్వంచ అనసూయ.
చింతించాల్సింది మీరు కాదు.
ఆ పందొమ్మిది నెలలూ
ప్రతి సంచిక చివరి పేజీలో, అడుగున,
సంపాదకుడి పేరున్న ఆ లైను
దిద్ది పంపింది నేనే.