వరస

చింతాద్రిపేటలో చేపల మార్కెట్టు వాసన
మలుపు తిరిగే చోట పేరిందేవమ్మ గారి పాత్రల కొట్టు.
గుండిగలు, గంగాళాలు, అద్దెకి.
నలుగురు మోస్తే తప్ప కదలని ఇత్తడి అండా బోర్లించి
పైన అట్టముక్క వేసి లాప్‌టాప్ పెట్టుకున్నాను.
కీ నొక్కినప్పుడల్లా లోపలెక్కడో చిన్న మోత.

"పుస్తకాలన్నీ ఇందులోకి ఎక్కించాల్రా అబ్బాయీ.
చదువు పోలేదు నాకు. చూపు పోతా ఉంది."

టేబుళ్లు గీశాను: మనుషులు, పాత్రలు, అద్దెలు.
మనిషికి అద్దెలు అనేకం. అద్దెకి మనిషి ఒక్కడే.
ఒక అద్దెలో పాత్రలెన్నో, ఒక పాత్ర ఎన్ని పెళ్లిళ్లకో.
వాటి మధ్య ఇంకో టేబులు,
పెళ్లి సంబంధాలు కుదిర్చే మనిషిలా
తనకంటూ ఏమీ లేకుండా
ఇటు నంబరూ అటు నంబరూ మోసుకు తిరిగేది.

ఎస్‌క్యూఎల్ చేత్తో రాయక్కర్లేదు, లైబ్రరీ ఉంది.
జావాస్క్రిప్టులో "ఇది దానికి చెందుతుంది" అంటే చాలు,
అదే వెళ్లి డేటాబేసుతో మాట్లాడి వస్తుంది.
నేను ఆటో ఎక్కబోతే పక్కింటి కుర్రాడు
నా తరఫున తమిళంలో బేరమాడినట్టు.
ఏమన్నాడో పూర్తిగా తెలీదు.
చేరాల్సిన చోటికి చేరుతుంటాను.

"ఇప్పుడేం చేస్తున్నావు?"
"వరసలు కలుపుతున్నానమ్మా."
నవ్వింది. "నా పనీ అదే కదరా.
ఏ వీధి, ఎవరి తాలూకు అని అడిగి
బాబాయో బావో చేసుకున్నాకే అండా ఇస్తాను.
వరస తెలిస్తే పాత్ర తిరిగొస్తుంది."

ఫారిన్ కీ అంటే ఏమిటో
నాకు జీతమిచ్చిన వాళ్లెవరూ ఇలా చెప్పలేదు.

వానలొచ్చిన ఆ ఏడాది లెక్క చదివాను:
"నాలుగొందల రెండు."
వేలి కణుపు మీద ఆమె బొటనవేలు ఆగింది.
"పదకొండు తక్కువ."

లాగ్ తెరిచాను. లైబ్రరీ నా తరఫున
ఏం బేరమాడిందో మొదటిసారి మొత్తం చదివాను.
ఇన్నర్ జాయిన్.
రెండు వైపులా జత ఉన్నవాళ్లనే లోపలికి పిలిచి
తక్కినవాళ్లను గడప బయట నిలబెట్టింది.
తప్పని ఒక్క ఎర్ర గీతైనా లేదు.
దాని తప్పు కాదు మరి,
మనిషి పేరు "తప్పనిసరి" అని రాసింది నేనే,
రెండు వారాల కింద, టీ చల్లారుతుంటే.

ఆ పదకొండూ డిసెంబరువి.
కూవం వీధిలోకి వచ్చిన వారం.
ఖాతాలో పాత్ర ఉంది, తేదీ ఉంది,
పేరుండాల్సిన చోట తడి మరకైనా లేదు.
"ఎవరని అడుగుతావు? మోకాళ్ల దాకా నీళ్లు.
బియ్యం ఉన్నవాడు అండా అడిగాడు. ఇచ్చాను."

ఒక్క మాట మార్చాను: తప్పనిసరి కాదు.
అవెయిట్ దగ్గర ప్రోగ్రాము ఆగింది. మేమూ ఆగాం.
వచ్చాయి, పదకొండూ.
పేరు కింద వరుసగా నల్, నల్, నల్.

"అదేం మాట?"
"ఎవరూ లేరని."
"లేకపోతే వంటెవరు చేశారు?"

నిజమే. నేర్చుకున్నప్పుడూ అదే చెప్పారు, చెవిన పెట్టలేదు.
నల్ అంటే సున్నా కాదు, తెలియకపోవడం.
ఒక నల్లూ ఇంకో నల్లూ ఒకటేనా అని అడిగితే
అవునని అనదు, కాదని అనదు.
అదీ తెలీదంటుంది.

తెర మీద "తెలియదు" అని కనిపించేలా మార్చాను.
ఆమె ముక్కు ఆనేంత దగ్గరికి వంగి
ఒక్కో తెలియదునీ వేలితో తాకుతూ చదివింది,
పదకొండు సార్లు.

పది తిరిగొచ్చాయి. ఒకటి,
నలభై పడుల అండా, దానికి వాపసు తేదీ లేదు.
"ఇవాళ్టికి దాని అద్దె లెక్కేస్తే..." అన్నాను.
"వెయ్యకు," అంది. కాసేపాగి, "కొట్టెయ్యకు కూడా."

ఆ వరుసని అలాగే తెరిచి ఉంచి కమిట్ చేశాను.
లాప్‌టాప్ తీస్తే అట్టముక్క వెచ్చగా ఉంది.
నలుగురు కుర్రాళ్లొచ్చి నా బల్లని వెల్లకిలా తిప్పారు.
ఎవరి తాలూకురా అని ఆమె అడుగుతూనే ఉంది.
గడప దాటుతూ చివరివాడు ఏదో పేరు చెప్పాడు.
ఇత్తడి గడపకి తగిలి మోగింది,
నాకు వినపడలేదు.