నాలుగో పీరియడ్, అబ్బాసియా

ఏసీ దగ్గుతోంది. బయట దుమ్ముగాలికి
అబ్బాసియా అంతా
టీ వడగట్టిన గుడ్డ రంగులో ఉంది.
పదో తరగతి బీ సెక్షన్.
ప్రొజెక్టర్ వెలుతురులో ఎనభై ఏళ్ల నాటి పోస్టరొకటి:
శత్రువుకి కోతి పళ్లు, ఎలుక తోక,
మనవాడికి మాత్రం కడిగిన ముత్యంలాంటి మొహం.

పిల్లలు పడీ పడీ నవ్వారు.
"ఇంత పచ్చి అబద్ధాన్ని ఎలా నమ్మారు టీచర్,
అప్పటివాళ్లకి బుర్రల్లేవా?" అన్నాడు జోయల్ కురువిళ.
నేనూ నవ్వాను.
పాత అబద్ధాన్ని చూసి నవ్వడం తేలిక,
దాని గోళ్లు ఎప్పుడో రాలిపోయి ఉంటాయి.

బోర్డు మీద మూడు ప్రశ్నలు రాశాను.
ఎవరు చేశారిది?
మనం ఏం చెయ్యాలని చేశారు?
ఇందులో కనపడకుండా ఎవర్ని తుడిచేశారు?
మూడోది సగంలో ఉండగా మార్కర్ ఎండిపోయింది.
విదిలించి, గట్టిగా నొక్కి రాశాను.

మంచినీళ్ల క్యాన్ మార్చడానికొచ్చిన ఓబులేసు
తలుపు దగ్గరే ఆగిపోయాడు.
రైల్వేకోడూరు మనిషి,
మీసాలు సరిగ్గా మొలవకముందే వచ్చి
తొంభయ్యో సంవత్సరం ఆగస్టుని ఇక్కడే చూసినవాడు.
"ఇట్టాంటి కాగితాలే టీచరమ్మా,
మిద్దెల మీద రాలినాయి మాకు.
పొద్దున ఒకరివి, మాపటేళ ఇంకొకరివి.
సదివినోళ్లు ఏడ్చిరి, కొందరు ఉరికిరి.
నాకు అరబ్బీ రాదు, తెలుగూ అంతంతే.
నేను కుబ్బూసులు చుట్టుకుంటి.
సదువు రాకపోవడం పనికొచ్చింది
ఆ ఒక్కసారే."

తెలుగు రాని పిల్లల కోసం తర్జుమా చేశాను.
కుబ్బూసుల దగ్గర అందరూ నవ్వారు.
'ఏడ్చిరి' అన్న మాటని
నేను వదిలేశాను, ఎందుకో.
మూడో ప్రశ్న నా వీపు వెనకే ఉంది.

హోంవర్కు: మీ ఇంటి ఫోన్లలోంచి ఒకటి పట్టుకురండి.

ఆదివారం ఇరవయ్యారు వచ్చాయి.
ఏడుస్తున్న సైనికుడు, కూలని వంతెన కూలినట్టు,
ఒకే పాప ఫొటో రెండు దేశాల జెండాల కింద.
చిట్టచివర ఫరీహా లేచింది.
తెచ్చిన కాగితాన్ని బోర్లా తిప్పి నా బల్ల మీద పెట్టింది.
"సారీ టీచర్. ఇది పేరెంట్స్ గ్రూపులో వచ్చింది."

నల్లటి సముద్రం, మండుతున్న ఓడ.
'మన తీరానికి నలభై కిలోమీటర్లే.
పిల్లల్ని బయటికి పంపకండి. అందరికీ పంపండి.'
అది ఏదో ఆటలోని ఓడట,
వాళ్ల తమ్ముడు రోజూ దాన్ని పేలుస్తాడట.
పైన పంపినవాళ్ల పేరు:
హైమావతి, సోషల్.

గుర్తుంది. సైరన్లు మోగిన వారం, రాత్రి రెండింటికి.
నాకెవరి మీదా పగ లేదు,
ఏ సైన్యమూ నాకు జీతం ఇవ్వలేదు.
భయమేసింది, అంతే.
అంత భయాన్ని ఒక్కదాన్నే మొయ్యలేక
నూట పన్నెండు గుమ్మాల్లో తలో ముద్దా పెట్టొచ్చి
హాయిగా నిద్రపోయాను.

ప్రొజెక్టర్ మళ్లీ వేశాను.
ఆ పాత పోస్టరు వెలుతురులోనే
ఈ కాగితాన్ని టేపుతో అంటించాను.
కోతి పళ్లు ఓడ మీద పడ్డాయి.
"ఎవరు చేశారిది?" అన్నాను.
"తెలీదు టీచర్."
"ఎవరు పంపారు?"
ఆ ప్రశ్న బోర్డు మీద లేదు.
జోయల్ తన బూట్ల వైపు చూస్తున్నాడు.
కొత్త మార్కర్ ఫరీహా చేతికిచ్చాను.
మూడింటి కింద, కాస్త వంకరగా,
తనే రాసింది నాలుగోది.

బెల్లు కొట్టాక ఓబులేసు ఖాళీ క్యాన్ కోసం వచ్చాడు.
"ఆ ఓడేంది టీచరమ్మా?"
కూర్చోమన్నాను.
ఈసారి ఒక్క మాటా వదలకుండా చెప్పాను.
అంతా విని, తలూపి,
క్యాన్ భుజానికెత్తుకున్నాడు.